కూలెంట్ పోసిన మంచినీళ్ళ ట్యాంకు

1998 డిసెంబరు. నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద నాకు చిన్న పైపుల షాపు ఉండేది. ఇళ్ళకి ట్యాపులు, బోర్లకి మోటార్లు బిగించడమే నా పని. ఆ ఏడాది ఊళ్ళో ఒక ఆసుపత్రివాళ్ళు పాత మినీ బస్సు కొని, కొండమీది పల్లెల్లో వైద్య శిబిరాలకి వ్యాన్‌గా మార్పించారు. లోపల రెండు బెర్తులు, వాష్‌బేసిన్, వంద లీటర్ల ట్యాంకు, చిన్న పంపు. స్టాఫ్ మూడేసి రోజులు అందులోనే ఉండేవారు. ఆ నీళ్ళ లైనంతా నేనే వేశాను.

మొదటి ట్రిప్పు లంబసింగి, చలికి పేరుపడ్డ కొండ ఊరు. వెళ్ళిన నాలుగో రోజు వ్యాన్ నా షాపు ముందు ఆగింది. నర్సు మార్తమ్మగారు దిగుతూనే అన్నారు: "మేస్త్రిగారూ, పొద్దున ట్యాపు తిప్పితే చుక్క రాలేదు. ఎండెక్కాక చూస్తే కింద ధారగా కారిపోతోంది. కట్లు కట్టే దూదంతా తడిసిపోయింది."

కిందికి దూరి చూశాను. ఎల్బో, అంటే పైపు మలుపు దగ్గర వేసే ముక్క, రెండుగా చీలి ఉంది. పంపు గుల్ల కూడా పగిలింది. జాయింటు సరిగా అతికించలేదేమో అనుకున్నాను గానీ, అతుకు దగ్గర చెక్కు చెదరలేదు.

"నీళ్ళు గడ్డకట్టాయండీ. గడ్డకడితే ఉబ్బుతాయి కదా," అన్నారామె.

నాకు నవ్వొచ్చింది. నర్సీపట్నంలో డిసెంబర్లో కూడా ఫ్యాను వేసుకునేవాళ్ళం. కానీ ఫ్రీజర్లో పెట్టి మరిచిపోయిన సోడాసీసా పగలడం నేనూ చూశాను. పగిలిన ముక్కలు మార్చాను.

పని అవుతుండగా డ్రైవర్ అప్పలరాజు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మళ్ళీ పగలకుండా ఏటి సెయ్యాల మేస్త్రీ?"

నా బుర్ర అప్పటికే తర్వాతి పని మీద ఉంది. "చలికి లారీ రేడియేటర్లో ఏం పోస్తారు? కూలెంటే కదా. నువ్వూ అదే పొయ్యి," అన్నాను నవ్వుతూ. కూలెంటంటే ఇంజను నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే ఆకుపచ్చ మందు. అతనూ నవ్వాడు. ఆ మాట నేను అక్కడే మరిచిపోయాను.

సోమవారం వ్యాన్ మళ్ళీ లంబసింగి కొండెక్కింది. మంగళవారం పొద్దున్నే పక్కషాపు మెకానిక్ టీ తాగుతూ అన్నాడు: "అప్పలరాజు రెండు డబ్బాల కూలెంట్ పట్టుకెళ్ళాడు. ఆ చిన్న బండికి అంతెందుకో!"

గ్లాసు కింద పెట్టేశాను. "అది కడుపులోకి వెళ్తే ఏమవుతుంది?"

"విషం. తియ్యగా ఉంటాది, కిడ్నీలు పోతాయి."

షట్టరు కూడా దించలేదు. లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్ళే సర్వీసు జీపు పట్టుకుని ఎక్కేశాను. ఘాట్ రోడ్డు పొడుగునా ఒకటే ఆలోచన: ఆ ట్యాంకు నీళ్ళతోనే పిల్లలకి మాత్రలు మింగిస్తారు.

నేను వెళ్ళేసరికి వ్యాన్ ముందు పాతికమంది పైనే ఉన్నారు. చంటిబిడ్డల తల్లులు ఎండలో కూర్చున్నారు. "ట్యాంకు నీళ్ళు తాగకండి!" అని అరుచుకుంటూ పరిగెత్తాను.

మార్తమ్మగారు బయటికొచ్చారు. "తాగనివ్వలేదండీ. పొద్దున పళ్ళు తోముకుంటే నీళ్ళు తియ్యగా తగిలాయి. అనుమానమొచ్చి ట్యాపు కట్టేశాను. బోరింగు నీళ్ళు మరగబెట్టి వాడుతున్నాం. ఇంతకీ ఏమైంది?"

చెప్పాను. ఆమె అప్పలరాజు వైపు తిరిగారు. "నువ్వేమైనా తాగావా?"

అతని మొహం పాలిపోయింది. "మీరు లెగకముందే టీ పెట్టుకున్నాను సిస్టరమ్మా. రెండు గ్లాసులు తాగీసినాను."

"ఇప్పుడెలా ఉంది?"

"కాసింత తల తిరుగుతోంది. నిద్దర సాలక అనుకున్నాను."

"బేగి జీపెక్కు," అన్నారామె, కిందికి దిగుతున్న సర్వీసు జీపు ఆపి. శిబిరం వదిలి రాలేక, పెద్దాసుపత్రికి చీటీ రాసి నా చేతిలో పెట్టారు. దిగుతున్నంతసేపూ అతను నా భుజం మీద తల వాల్చాడు. ఒకచోట కళ్ళు తెరిచి, "మీరే గదా సెప్పినారు మేస్త్రీ," అన్నాడు. తిట్టినట్టు లేదు. నిజంగా అడుగుతున్నట్టుంది.

నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించి, రక్తపరీక్షలు చేసి, గండం గడిచిందన్నారు. ఆ వారంలోనే, వ్యాన్ కొన్న మా ఊరి ఆసుపత్రి డాక్టరుగారు నన్ను పిలిపించారు. "వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తున్నాను. తాగే నీళ్ళలో మందు పోసేవాడు నాకొద్దు. వాడి స్థానంలో మరో డ్రైవర్ వస్తాడు. లైన్ సంగతి అతనికి చెప్పండి," అన్నారు.

ఊరుకుంటే సరిపోయేది. అప్పలరాజు నా పేరు ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ "మీరే గదా" నా చెవుల్లోనే ఉంది.

"పొయ్యమన్నది నేనేనండీ," అన్నాను. "హాస్యానికన్నాను. అతను నిజమనుకున్నాడు. తీసేస్తే నన్ను తీసెయ్యండి."

"ముందు ఆ లైన్ బాగుచెయ్యి," అన్నారాయన. అప్పలరాజు ఉద్యోగం నిలిచింది.

పాత ట్యాంకు, పైపులు మొత్తం పీకేసి కొత్తవి వేశాను. ఈసారి పైపులకి వాలు పెట్టి, అన్నిటికంటే కింద డ్రెయిన్ కాక్ బిగించాను. అది నీళ్ళు వదిలెయ్యడానికి వేసే ట్యాపు. సాయంత్రం పని అయ్యాక అది విప్పాలి, పై ట్యాపులూ తెరవాలి. గాలి లోపలికి వెళ్తేనే పైపు పూర్తిగా ఖాళీ అవుతుంది. పంపు అడుగున బిరడా తీసి అందులో నీళ్ళు కూడా కార్చెయ్యాలి. తాగే నీళ్ళు క్యాన్లలో పోసి, లోపల మనుషుల పక్కనే పెట్టుకోవాలి. గడ్డకట్టడానికి నీళ్ళే లేకపోతే పగలడానికి ఏమీ ఉండదు. మందెందుకు?

ఇదంతా అప్పలరాజు చేత నా ఎదురుగా మూడుసార్లు చేయించాను. 2006లో ఆ వ్యాన్ మూలన పడేవరకు చలికి ఒక్క పైపు కూడా పగల్లేదు.

పని తెలిసినవాడి నోట్లోంచి వచ్చిన మాట, తెలియనివాడికి హాస్యంగా వినిపించదు. అది పనిలాగే వినిపిస్తుంది, వెళ్ళి చేసేస్తాడు. ఇరవై ఏళ్ళు పైపులు బిగించి నేను నేర్చుకున్నవాటిలో ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చి నేర్చుకున్నది ఇదొక్కటే.