మదాం ఇవెట్ పుట్టిన ఊరు

మొన్న నేపర్‌విల్ స్టేషన్‌లో షికాగో రైలు ఆగింది. బ్రేకుల నుంచి కాలిన ఇనుప వాసన రాగానే నా చేయి తనంతట తానే హ్యాండ్‌బ్యాగులో పాస్‌పోర్టు కోసం తడిమింది. ఈ రైలుకి పాస్‌పోర్టు ఎవరూ అడగరు. ఆ భయం నన్ను పట్టుకున్నది పదిహేడో ఏట, పారిస్‌కి అరగంట దూరంలోని ఒక చిన్న ఊళ్లో. అది మా హైస్కూల్ ఫ్రెంచ్ టీచర్ మదాం ఇవెట్ పుట్టిన ఊరు.

ఎనభైల మధ్యలోని మాట ఇది. మదాం ఏటా వేసవిలో పదిమంది విద్యార్థులను అక్కడికి తీసుకెళ్లేవారు. ఆ ఊరి మునిసిపాలిటీలో పనిచేసే ఆవిడ తమ్ముడు మాకు ఇళ్లల్లో బస చూసేవాడు. మా నాన్న మాత్రం నన్ను పంపనన్నారు. ఆయన్ని ఒప్పించడానికి మదాం మా ఇంటికే వచ్చి, అమ్మ వేసిన పెసరట్టు తింటూ కూర్చున్నారు. "అంతమంది తెల్లపిల్లల్లో ఇదొక్కతే వేరేగా కనిపిస్తుంది. ఏదైనా ప్రాబ్లమ్ అయితే?" అని నాన్న అమ్మతో తెలుగులో అన్నారు. ఏమంటున్నారని మదాం అడిగితే సిగ్గుపడుతూనే చెప్పాను. ఆవిడ నాన్నవైపు తిరిగి, "మీ భయం నిజమే. నేను తన పక్కనే ఉంటాను" అన్నారు. ఆ మాటకి నాన్న సరేనన్నారు.

ఆ ఊళ్లో మదాం వేరే మనిషి. రొట్టెల దుకాణం ముందు నిలబడితే అరగంటకి గానీ కదిలేవారు కాదు. దారిన పోయే ప్రతివాళ్లూ చెంపలకి ముద్దులు పెట్టి పలకరించేవాళ్లు. ఐదోరోజు మధ్యాహ్నం మేమంతా పారిస్ చూసి తిరిగొచ్చి, బ్రేకుల కాలిన వాసన మధ్య రైలు దిగాం. గేటు దగ్గర ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. పదిమందిలో నన్నొక్కదాన్నే ఆపి కాగితాలు అడిగారు. నా పాస్‌పోర్టు, పోతుందేమోనన్న భయంతో నేనున్న ఇంటావిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆవిడ పనిలో ఉంది, సాయంత్రానికి గానీ రాదు. నాకు వచ్చిన ఫ్రెంచ్ అంతా వాడి, నవ్వుతూ, బతిమాలుతూ చెప్పాను. "అమెరికన్ అంటున్నావు, ఫ్రెంచ్ బాగానే మాట్లాడుతున్నావే!" అన్నాడొకడు అనుమానంగా. పాస్‌పోర్టు చూపించేదాకా పోలీస్ స్టేషన్‌లో ఉండాలన్నారు.

మిగతా పిల్లల్ని మాతో వచ్చిన ఇంకో టీచర్‌తో పంపేసి, మదాం నాతో పాటు అక్కడికి వచ్చి బెంచీమీద కూర్చున్నారు. "నేను మంచిదాన్నని వాళ్లకి చెప్పండి మదాం" అన్నాను ఏడుపు గొంతుతో.

"చెప్పను. నువ్వు మంచిదానివో కాదో వాళ్లు అడగలేదు. అడిగినదానికి నిజం చెప్పు. బతిమాలకు."

అక్కడి పెద్ద అధికారి ఆవిడతో చిన్నప్పుడు ఒకే బడిలో చదివినవాడట. "నువ్వు ఇంటికి వెళ్లు ఇవెట్. పాస్‌పోర్టు రాగానే ఈ అమ్మాయిని పంపేస్తాం" అన్నాడు మర్యాదగా. ఆవిడ కదలలేదు. "పదిమందిలో ఈ పిల్లనే ఎందుకు ఆపారో కాగితం మీద రాసి సంతకం పెట్టు" అన్నారు. అతని ముఖం ఎర్రబడింది. ఆవిడ గొంతు పెంచకుండా అదే మాట మళ్లీ అన్నారు. కాసేపటికి తమ్ముడు పరుగున వచ్చి, "ఊళ్లో నా పరువు తీస్తున్నావు" అని అరిచాడు. నేను భయంతో ఆవిడ చెయ్యి లాగి, "వదిలేయండి, ప్లీజ్" అన్నాను. వదల్లేదు. మూడు గంటల తర్వాత పాస్‌పోర్టు వచ్చింది, నన్ను వదిలేశారు. ఆ కాగితం మాత్రం ఎవరూ రాయలేదు.

మరుసటి ఏడాది ఆ ప్రయాణం రద్దయింది. ఆ ఊరివాళ్లే వద్దన్నారని తెలిసి మదాం గదికి పరుగెత్తాను.

"నా వల్లే కదా?"

"నీ వల్ల కాదు." దిద్దుతున్న పేపర్ మీంచి తలెత్తకుండానే అన్నారు. "మా తమ్ముడు ఫోన్ ఎత్తడం లేదు. ఆ ఊరంటే నాకు ప్రాణం. ఇంకెక్కడైనా అయితే ఊరుకునేదాన్నేమో."

తర్వాత ఆవిడ ఎప్పుడైనా అక్కడికి వెళ్లారో లేదో తెలియదు. అడిగే ధైర్యం నాకు ఏనాడూ చాలలేదు. నేను ఆవిడంత గట్టిదాన్ని కాను. కానీ ఆఫీసులోనో, ఎయిర్‌పోర్టులోనో, మా సొంత వాళ్ల మధ్యనో ఎవరినైనా ఒంటరిగా నిలబెట్టి ప్రశ్నిస్తుంటే, భయం వేస్తున్నా, వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చుంటాను. మాకు పరిచయం ఉండదు. ఏం మాట్లాడాలో కూడా చాలాసార్లు తెలియదు. లేచి మాత్రం రాను.