అత్త పాటకు బావ చేసిన శ్రుతిపెట్టె

మొన్న మా పక్కింటివారి మనవరాలు, ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, చవకపాటి లాజిక్ చిప్పు ఒకటి తెచ్చి, దానికి రెండు మూడు చిల్లర సామాన్లు కలిపి, మర తిప్పినకొద్దీ స్వరం పైకీ కిందికీ పోయే ఆసిలేటరు చేసి నాకు వినిపించింది. బాగుందమ్మా అన్నాను కానీ, ఆ మోత చెవిన పడగానే నా మనసు అరసవల్లిలో మా మేనత్త ఇంటి వసారాలోకి వెళ్లి కూర్చుంది.

అరవైల చివరి రోజులవి. శ్రీకాకుళంలో నాకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చి, అత్త దగ్గరే ఉండేదాన్ని. మావయ్య పక్కన కూర్చుని తంబురా మీటుతుంటే అత్త పాడేదట. ఆయన పోయాక తంబురాకు గుడ్డ కప్పేసి పాట మానేసింది. రేడియోలు బాగుచేసే బావకు, అంటే ఆవిడ కొడుక్కి, తల్లి మౌనం భరించరానిదయింది. తంబురా బదులు శ్రుతి ఇచ్చే పెట్టె చేస్తానని పట్టుబట్టాడు.

ఓడలో పనిచేసే స్నేహితుడొకడు ఏదో విదేశపు రేవులో చవగ్గా దొరికిందని ఎనిమిది కాళ్ల చిప్పు ఒకటి తెచ్చి ఇచ్చాడు. లెక్కలు చేసే యంత్రాల్లో వాడేదట. అందులోని రెండు భాగాలను ఒకదానికొకటి ముడిపెడితే, ఒకటి మేలుకున్నప్పుడు రెండోది నిద్రపోతుందనీ, ఆ వంతులు వేగంగా మారుతుంటే అదే స్వరమవుతుందనీ బావ నాకు ఓపిగ్గా చెప్పేవాడు. టార్చిలైటు బ్యాటరీలతో నడిచే ఆ పెట్టె అత్త గొంతుకు కుదిరేసరికి వానాకాలం వెళ్లిపోయింది.

ఒక సాయంత్రం అత్త వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, దాని ముందు కూర్చుని, కళ్లు మూసుకుని పాడింది. ఆవిడ పాట నేను వినడం అదే మొదలు. బావ గుమ్మం పట్టుకుని నిలబడి ఏడ్చేశాడు. మర్నాడే, వీధి దాకా వినిపించాలని, ఆ సంబరంలో పెద్ద బ్యాటరీకి కలపబోతే తీగలు తారుమారై చిప్పు మాడిపోయింది.

ఆ ఓడ స్నేహితుడు మళ్లీ రాలేదు. బావ ట్రాన్సిస్టర్లతో అలాంటిదే చెయ్యాలని కూర్చున్నాడు. పొద్దున్న కుదిరిన శ్రుతి మధ్యాహ్నం ఎండకు జారిపోయేది. అత్తవైపు వీపు తిప్పి, బల్లమీదకు వంగి, నెలలకు నెలలు అదే పని. ఓరోజు అత్త వెనకనుంచి మెల్లగా అంది.

"ఒరే, నువ్వే ఓపాలి ఆ తంబురా అట్టుకుని నా పక్కన కూకోరాదేటి?"

"నాకేటి వస్తాదమ్మా తంబురా? వారం ఆగు, ఇది కుదిరిపోతాది."

"నేను నేర్పుతాను కదరా," అంది. బావ తలెత్తలేదు. నేనూ అది తల్లి ముద్దుమాట అనుకున్నాను.

ఆ వేసవిలో అత్తకు ఆయాసం పట్టుకుంది, వానలు పడేలోగా పోయింది. మరుసటేడు నాకూ బావకూ పెళ్లయింది. ఇంకా చాలా ఏళ్లకు అలాంటి చిప్పులు విశాఖ బజారులోనే దొరికే రోజులొచ్చాయి. బావ గుప్పెడు కొనితెచ్చి, ఎండకు చలించని పెట్టె చేశాడు. ఖాళీ వసారాలో అది అత్త శ్రుతిని తప్పకుండా పలుకుతుంటే ఇద్దరం విన్నాం. కాసేపటికి దాన్ని ఆపేసి, లేచి తంబురా మీద గుడ్డ తీశాడు. దాన్ని ఒళ్లోకి ఎలా తీసుకోవాలో తెలియక నన్నడిగాడు. నాకూ తెలియలేదు.

ఇప్పుడు శ్రుతి కోసం ఎవరూ ఎవరి పక్కనా కూర్చోనక్కర్లేదు. పాడేవాళ్లకు అది సుఖమే, కాదనను. కానీ మా కాలంలో తంబురా మీటే మనిషి, పాడే మనిషి ఊపిరి తీసుకునే చోటల్లా తానూ ఊపిరి తీసుకునేవాడు. అత్త అడిగింది ఆ తోడు అని మాకు అర్థమయ్యే వయసు వచ్చేసరికి, అడిగే మనిషి లేదు.