మాస్టరమ్మ పనిగంటలు

మాస్టరమ్మ కుట్టించిన చొక్కా కొనాలంటే ముందు ఆవిడ ప్రసంగం వినాలి. చొక్కా తేలికే, ప్రసంగమే కాస్త బరువు. విత్తనం దగ్గర మొదలుపెడుతుంది. పురుగుమందు కొట్టని చేలో పండిన పత్తి, దానిమ్మ తొక్కలు ఉడికిస్తే వచ్చిన పసుపు, తుప్పుపట్టిన మేకులు బెల్లం నీళ్లలో నానేస్తే వచ్చిన నలుపు, అన్నీ చెబుతుంది. కొనవచ్చినవాళ్లు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ తలూపుతుంటారు. ఆఖరున అసలు మాట వస్తుంది. "ఈ గుడ్డ కోసం నేల నలగలేదు, నీళ్లు నలగలేదు, మనిషీ నలగలేదు."

ఆ మాట వినబడినప్పుడల్లా ఆవిడ మొగుడు దగ్గుతాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. హారను పోయినా దగ్గు మిగిలింది.

ఆవిడ కుట్టుపని నేర్చింది పెద్ద ఫ్యాక్టరీలో. అక్కడ మంచినీళ్లకి లేవాలన్నా సూపర్‌వైజరు మొహం చూడాలి. ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ ఆవిడకి గొంతు ఎండిపోతుంది. అందుకే సైకిళ్ల దుకాణం మీది మూడు గదులు అద్దెకి తీసుకుని సొంతంగా మిషన్లు వేసుకున్న రోజే ఒట్టు పెట్టుకుంది, తన దగ్గర ఎవరిచేతా గాడిద చాకిరీ చేయించనని. భోజనాల వేళ ఒక్క మిషను చప్పుడైనా ఊరుకోదు. సాయంత్రం గంట కొట్టిందంటే కుట్టు సగంలో ఉన్నా లేవాల్సిందే. "ఈ ఒక్క చెయ్యీ అతికించి పోతానమ్మా" అని ఎవరైనా బతిమాలితే, "చొక్కాకి చెయ్యి రేపు వస్తుంది. నీ చెయ్యి పడిపోతే ఎవరు అతికిస్తారు?" అని తరిమేస్తుంది.

అందరినీ తరిమేశాక లైటు వేసుకుని తను కూర్చుంటుంది. కాజాలు, కుచ్చులు, మర్నాటి కటింగు. మిగిలింది సంచిలో వేసుకుని ఇంటికి తెస్తుంది. లోకమంతటికీ సెలవిచ్చి తనొకతెని మరిచిపోయింది మహాతల్లి. మొగుడు ఒకటి రెండుసార్లు అని చూశాడు. గోడకి చెప్పుకున్నట్టే అయింది. గోడలు కనీసం విసుక్కోవని తర్వాత మానేశాడు.

ఇంతలో పెద్ద బేరం ఒకటి వచ్చింది. పసిపిల్లల బట్టలు, ఏడాది పొడుగునా పని. అయితే కొనేవాళ్లకి మాస్టరమ్మ ప్రసంగం చాలదట, నిజంగానే ఏదీ ఎవరూ నలగలేదని తనిఖీ సంఘంవాళ్ల ముద్ర కావాలట. అది రాకపోతే పని లేదు, పని లేకపోతే సగం మిషన్ల మీద ముసుగు తియ్యక్కర్లేదు. ఆ మిషన్ల వెనకున్న ఆడవాళ్లని మళ్లీ ఫ్యాక్టరీకి పొమ్మనాలి. ఆ రాత్రి మాస్టరమ్మ ఒకే కాజా రెండుసార్లు కుట్టింది. కానీ పైకి మాత్రం పనివాళ్లతో, "మనకేం భయం? అడిగినవన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి" అంది.

వాళ్లు చెప్పారు.

తనిఖీకి వచ్చినామె చిన్నపిల్ల, కళ్లద్దాలు, మెత్తటి గొంతు. పత్తి ఎక్కడిదో చూసింది, రంగునీళ్లు ఎటు పోతున్నాయో కిందికి దిగి మరీ చూసింది. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడింది. చివరికి మాస్టరమ్మ ముందు కూర్చుంది.

"అన్నీ బాగున్నాయండీ. కానీ ఒకామెచేత మాత్రం చాలా అన్యాయంగా పని చేయిస్తున్నారు. భోజనానికి లేవనివ్వరట, సెలవన్న మాటే లేదట, ఇంటికి కూడా పని ఇచ్చి పంపుతున్నారట."

మాస్టరమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఎవరన్నారా మాట? ఎవరామె?"

"మీరే."

"నేను పనిమనిషినేంటమ్మా? ఓనర్ని!"

"కుడుతున్నారా, లేదా?"

"కుడతాను."

"మరి మీకు ఇబ్బందైతే ఎవరికి చెప్పుకుంటారు?"

"నాకే చెప్పుకోవాలి."

"వింటారా?"

మాస్టరమ్మ తల పక్కకి తిప్పింది. తలుపు పక్కన ఇస్త్రీ చేసే తాత నవ్వు ఆపుకోలేక ఒట్టి బల్ల మీద ఇస్త్రీపెట్టె తోస్తూ కనబడ్డాడు. ముద్ర ఇప్పుడే ఇవ్వలేనని, చెప్పకుండా మళ్లీ వస్తానని చెప్పి ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి రాజ్యం తలకిందులైంది. గంట కొట్టగానే ఆడవాళ్లంతా మాస్టరమ్మని చుట్టుముట్టి మెట్లు దింపడమే. ఆవిడ సంచిలో తోటకూర కట్ట కింద కాలర్లు దాచి తీసుకుపోబోతే తాత గుమ్మంలోనే పట్టేశాడు. "నాకే దొంగతనం అంటగడతావా తాతా?" అంది. "ముద్ర వచ్చేదాకా అంటగడతానమ్మా, తర్వాత నీ ఇష్టం" అన్నాడు ఆయన.

మొదటిరోజు ఎండ ఉండగానే ఇల్లు చేరింది. మొగుడు తలుపు తీసి ఆవిణ్ణి చూసి తెల్లబోయాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"జ్వరం లేదే! కళ్లు తిరిగాయా? ఎవరు దింపారు? ఆటో పిలవనా?"

"నాకేం కాలేదండీ. ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చావా?" అన్నాడాయన, ఆ మాట ఎప్పుడూ విననట్టు. చెయ్యి మాత్రం నుదుటి మీంచి తియ్యలేదు.

తనిఖీ పిల్ల ముందు పడని సిగ్గు మాస్టరమ్మకి అప్పుడు పడింది. వేళకి ఇంటికొస్తే జబ్బు చేసిందనుకోవలసినంతగా ఈ మనిషిని ఒంటరిని చేశానా అని బాధపడింది.

బాధపడ్డంత మాత్రాన బుద్ధి కుదురుతుందా! కూర్చోడం రాలేదు. దిండు గలీబు అంచు సరిచేయబోయింది, కర్టెను కొలవబోయింది. ఆయన కత్తెర దాచేశాడు. క్రమంగా మాటలు మొదలయ్యాయి. బస్సులో ఒకసారి కోడిపుంజు తప్పించుకున్న కథ ఆయన చెబితే ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, "ఇదెప్పుడు జరిగింది? నాకు చెప్పనే లేదు!" అంది. చెప్పానని, అప్పుడు నువ్వు కాజాలు కుడుతున్నావని ఆయన అనలేదు.

ఒక సాయంత్రం ఇంటి తలుపు తట్టి తనిఖీ అమ్మాయి లోపలికొచ్చింది. మాస్టరమ్మ ఖాళీ చేతులు రెండూ చూపించింది. అమ్మాయి ఆయన్ని అడిగింది.

"రోజూ ఈ వేళకే వస్తున్నారాండీ?"

"వస్తోందమ్మా." ఆయన దగ్గాడు. "కానీ ఆ ముద్ర తొందరపడి ఇచ్చేయకు తల్లీ. ఇంకో నాలుగైదుసార్లు తనిఖీ చెయ్యి. ఇచ్చేశావంటే నాకు మళ్లీ ఈ గోడలే గతి."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గానీ కాస్త ఆలస్యంగా నవ్వాడు. మాస్టరమ్మ అది చూసింది.

ముద్ర ఒక మధ్యాహ్నం వచ్చింది. పని దక్కింది, మిషన్లన్నీ దక్కాయి. ఆడవాళ్లు ఆనందంతో ఒకళ్లనొకళ్లు వాటేసుకున్నారు. సాయంత్రం గంట కొట్టాక ఎవరూ మాస్టరమ్మని మెట్లు దింపలేదు. తాత ఆవిడ సంచి వెతకలేదు. బల్ల మీద పసిపిల్లల చొక్కాలు కుప్పగా ఉన్నాయి. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుంది, సూదిలో దారం కూడా ఎక్కించింది.

ఆవిడ తమ వీధి మలుపు తిరిగేసరికి ఇంకా ఎండ ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి, చక్కగా ఉన్న తలుపు గడియని తెగ బాగుచేస్తున్నాడు.

"ముద్ర వచ్చిందటగా?" అన్నాడు తలెత్తకుండా.

"వచ్చింది. నేనూ వచ్చాను, కాస్త తప్పుకోండి" అంది మాస్టరమ్మ.