మిషన్ ఆగిన చోట

మా ఎదురింటి లెక్కల మాస్టారు పోయారన్న కబురు నాకు కొల్లేరు మీదుగా వచ్చింది. పటమటలో ఆయన గుమ్మానికీ నా టైలరింగ్ షాపుకీ మధ్య పన్నెండడుగుల సందు. ఆ సందు దాటి రావలసిన కబురు, ఆసుపత్రి నుంచి ఆయన ఆన్‌లైన్ పిల్లల వాట్సాప్ గ్రూపుకెక్కి, కొల్లేరు లంకలో చేపలు పట్టేవాళ్ల అమ్మాయికి చేరి, ఆ పిల్ల పెట్టిన మెసేజీగా నా దగ్గర జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ ఫోన్లో మోగింది.

"అయ్యో, మావాడి ఆన్‌లైన్ సారు పోయారంటండీ!" అందావిడ.

ఆన్‌లైన్ సారట! ముప్పై ఏళ్లుగా నా సారు. ఏడుపు కంటే ముందు నాకు కుళ్లు పుట్టింది. ఈ వయసులో దాచి ఏం చేసుకుంటాను, చెప్పేస్తున్నాను.

చల్లపల్లిలో ఐదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి నేను. ఆ తర్వాత చదువుకున్నదంతా పకోడీ పొట్లాల కాగితాల్లోనూ, మాస్టారి వరండాలోనూ. పొట్లాల్లో కథ ఎప్పుడూ సగంలో తెగేది. మాస్టారి పాఠం తెగేది కాదు. పిల్లలు చాపల మీద, నేను సందుకివతల తొక్కుడు మిషన్ మీద. ఆయన గొంతు వీధి చివరికి వినిపించేది.

"అర్థమైందా అంటే తల అందరూ ఊపుతారయ్యా. చేతులు చూడాలి" అనేవారు. పిల్లవాడి కలం ఎక్కడ ఆగితే పాఠం అక్కడికి వెనక్కొచ్చేది.

అప్పట్లో అంబ్రెల్లా గౌన్లు కుట్టేవాణ్ణి. నడుము కొలతని ఆరుతో భాగించి, వచ్చినంత దూరంలో గుండ్రంగా గీత గియ్యమని నాకు కత్తెర పట్టడం నేర్పినాయన చెప్పాడు. అలా కుట్టిన ప్రతి గౌనూ నడుము దగ్గర అంగుళం వదులే. "గుడ్డ సాగిందమ్మా" అని దబాయించి బతికేశాను. ఒక సాయంత్రం మాస్టారు వృత్తం పాఠం చెబుతూ, "వ్యాసార్థం కావాలంటే చుట్టుకొలతని ఆరుతో భాగిస్తే సరిపోదర్రా, ఆరుకి పైన ఇంకొంచెం ఉంది" అన్నారు. నా కాలు ఆగిపోయింది.

"ఏమయ్యా టైలరూ, మిషన్ ఆగిందేం?"

"ఆ ఇంకొంచెం ఎంతండీ మాస్టారూ?"

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. "మంచి చోట ఆగావయ్యా" అని సుద్దముక్క పట్టుకుని మొదట్నుంచీ చెప్పారు. ఆ రోజు నుంచి అదొక వాడుకైపోయింది. మిషన్ ఆగితే ఆయన వెనక్కొచ్చేవారు, మళ్లీ కదిలితే ముందుకెళ్లేవారు. ఒక్కోసారి ఆగింది దారం తెగి. ఆ సంగతి నేను చెప్పేవాణ్ణి కాదు. రెండోసారి వినడం ఎవరికి చేదు?

కరోనా వచ్చి వరండా ఖాళీ అయింది. మాస్టారు ముందు గదిలో ఫోను ఎదుట కూర్చున్నారు. మొదటి రోజే ఎవరో పిల్ల "సార్, ఏదో టకటక సౌండొస్తోంది సార్" అందట. మాస్టారి భార్య నా షాపు మెట్ల దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి..."

"కిటికీ వేసేసుకోండమ్మా" అన్నాను.

వేసుకున్నారు. ఆ పిల్లెవరో కూపీ లాగాను. కొల్లేరు పిల్లే.

ఆ మీదట మాస్టారు టీకి ఇవతలికొస్తే ఆ పిల్ల ఊసే. "పడవెక్కి, బస్సెక్కి రావలసిన పిల్లయ్యా! ఇంట్లో వలలు బాగుచేస్తూ వింటోంది. అర్థం కాకపోతే రికార్డైన పాఠం వెనక్కి తిప్పుకుని ఎన్నిసార్లైనా వింటుందట."

"ఇంకేం, అదృష్టవంతురాలు" అన్నాను, పంచదార మరిచిపోయిన టీ తాగుతున్నట్టు.

"కానీ మొహాలు కనబడవయ్యా. నల్ల గళ్లు, వాటిల్లో పేర్లు. చేతులు అసలే కనబడవు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలిసి చావదు."

ఆ మాటకి నాకు సంతోషమేసింది. ఛీ అనండి, పడతాను. కొన్నాళ్లకి ఆ కిటికీ జానెడు తెరుచుకుంది. గాలికనుకున్నాను. మైకులో మెల్లగా మాట్లాడే ఆయన గొంతు సందు దాటేది కాదు. పాఠం వేళకి నేను కావాలనే మిషన్ గట్టిగా తొక్కేవాణ్ణి. జబ్బులు సద్దుమణిగాయి, వరండా మాత్రం మళ్లీ నిండలేదు. నేనూ మీ శిష్యుణ్ణేనా మాస్టారూ అని ఒక్కసారి అడుగుదామనుకున్నాను. ఆయన ఏ హాజరు పట్టీలోనూ నా పేరు లేదు. అడగకుండానే ఆయన వెళ్లిపోయారు.

పదో రోజున ఊరూరి నుంచీ పిల్లలొచ్చారు. మా సారు, మా సారు అని ఒకటే చెప్పుకోవడం. నేను చెప్పుల దగ్గర నిలబడి విని, ఓర్వలేక షాపుకొచ్చేశాను. వెనకాలే ఒకమ్మాయి వచ్చింది.

"మిషన్ తాతగారు మీరేనాండీ?"

"టకటక సౌండు నేనే."

"అలా అన్నది నేనేనండీ" అంటూ గుమ్మంలోనే కూర్చుని, ఫోన్లో ఒక పాత పాఠం పెట్టింది. మాస్టారి గొంతు. వెనకాల సన్నగా నా మిషన్. ఉన్నట్టుండి మిషన్ ఆగింది. మాస్టారి గొంతూ ఆగింది.

"ఉండండమ్మా, మళ్లీ చెబుతాను."

"సార్, అందరికీ అర్థమైంది సార్" అన్నాడెవరో ఫోన్లో.

"మీకైందిలే. ఎదురింటాయనకి కాలేదు."

"నెలకల్లా సారే కిటికీ తీసేశారండీ" అంది ఆ పిల్ల. "మీరెక్కడాగితే మాకక్కడ రెండోసారి. అడగడానికి సిగ్గుపడే డౌట్లన్నీ అలాగే తీరిపోయాయి."

నేను ఆగింది టీకి, దారానికి, చుట్ట ముట్టించుకోవడానికి. ఆ సంగతి ఆ పిల్లకీ చెప్పలేదు.

పాఠాలన్నీ నా ఫోన్లో వేసి వెళ్లింది. సాయంత్రం బల్ల మీద ఒకటి పెట్టుకుని మిషనెక్కుతాను. ఎదురుగా కిటికీ ఇప్పటికీ జానెడు తెరిచే ఉంటుంది. ఫోన్లో నా మిషన్ నడిచినంతసేపూ నేనూ తొక్కుతాను. అది ఆగగానే కాలు తీసేస్తాను. సందు మొత్తం నిశ్శబ్దమవుతుంది. అప్పుడు మాస్టారు గొంతు సవరించుకుని, మొదట్నుంచీ మొదలుపెడతారు.