తొడిమ వాసన

నూజివీడు బస్టాండు ఎదుట సెల్‌ఫోన్లు బాగుచేసే రత్నారావు, తొడిమ దగ్గర వాసన చూడనిదే మామిడిపండు కొనడు. మందేసి మగ్గబెట్టినదైతే తిరిగి బుట్టలో పడేస్తాడు. పాత ఫోన్ల దగ్గర మాత్రం ఆ పట్టింపు లేదు. నెట్‌లో దొరికిన ఓ యాప్‌తో ఒక్క నొక్కు నొక్కి రూట్ చేసేస్తాడు. కంపెనీ వేసిన తాళాలన్నీ ఊడిపోతాయి, ముసలి ఫోను కుర్రదానిలా పరుగెడుతుంది. నిన్న, తోటల్లో కాయలు కోసే వెంకటలక్ష్మి అలా చేయించుకున్న ఫోను పట్టుకొచ్చింది.

"నేను పంపని మెసేజీలు మావాళ్లందరికీ పోతున్నాయండీ. ఏదో లింకు నొక్కమంటున్నాయంట. ఇంతకీ మీరు నొక్కిన ఆ యాప్ ఎవరిదండీ?"

"ఎవరిదో..." అంటూ రత్నారావు ముక్కు రుద్దుకున్నాడు. ఆమె ఫోను చేతిలోకి తీసుకోకముందే చొక్కా జేబులోంచి తన ఫోను తీసి స్విచ్చాఫ్ చేశాడు. ఆ యాప్‌ను మొట్టమొదట నొక్కింది దాంట్లోనే.