పిరికి టైలరుకు తోడు

ఆ వీధి టైలరుకు డాక్టరంటే చచ్చేంత భయం. ఏడేళ్ళలో ఒక్కసారైనా ఒంటరిగా ఆసుపత్రి గడప తొక్కిన పాపాన పోలేదు. ఎవరో ఒక మగవాడు తోడు రావాల్సిందే. ఒకసారి తాళాలు బాగుచేసేవాణ్ణి, ఇంకోసారి లెక్కల మాస్టారిని, చివరికి యూనిఫాం సరిచేయించుకోవడానికొచ్చిన పోలీసును కూడా లాక్కుపోయాడు.

పోనీ, జబ్బైనా గుట్టుగా ఉంచుకుంటాడా? అబ్బే! "వృషణం వెనకాల సన్నని గొట్టం ఉంటుందండీ, అది వాచింది. ఎపిడిడిమైటిస్ అంటారు. మూడు నెలలు దాటితే ఇక మొండిదే. పోయిందనుకుంటే మళ్ళీ వస్తుంది!" అని మెడలో టేపుతో షాపు దద్దరిల్లేలా చెప్పేవాడు.

ఆ ఊరి మగవాళ్ళు షుగరుంటే అంకెతో సహా చాటుకుంటారు. బీపీ ఉంటే గొప్పగా చెప్పుకుంటారు. అక్కడ నొప్పి వస్తే మాత్రం అందరికీ నడుమే! గుమస్తాగిరీ చేసే బామ్మర్ది బావ మాటలకు సిగ్గుతో చచ్చిపోయేవాడు.

"బావా, నీకు దణ్ణం పెడతా, మెల్లగా చెప్పు."

"ఎందుకురా, దొంగతనం చేశానా?"

అసలు సంగతేమిటంటే, బామ్మర్దికీ నాలుగు నెలలుగా అక్కడే సలుపు. గంటసేపు కుర్చీలో కూర్చుంటే ప్రాణం పోతోంది. తడిమి చూసుకుంటే గట్టిగా ఏదో తగిలింది. క్యాన్సరే అని తనకు తానే తీర్పు చెప్పేసుకుని, భార్యతో నడుము నొప్పన్నాడు. ఆవిడ పాపం రోజూ నడుముకు మందు రాస్తోంది. ఈయన కిక్కురుమనకుండా రాయించుకుంటున్నాడు.

ఒక సోమవారం బావ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పదరా, చెకప్పుంది. ఒక్కణ్ణీ వెళ్ళాలంటే కాళ్ళు వణుకుతున్నాయి."

తీరా డాక్టరు పిలిచేసరికి, బామ్మర్దిని లోపలికి తోసి తాను బయటే ఉండి తలుపేశాడు.

"నేను తోడొచ్చానండీ!"

"అందరూ అదే అంటారు. మీరు పన్నెండోవారు," అన్నాడు డాక్టరు గ్లవుజులు తొడుక్కుంటూ. "మీ బావగారిది ఎప్పుడో అదుపులోకొచ్చింది. మీకెక్కడ నొప్పి?"

"నడుము..."

"ఇక్కడ నడుములు చూడం."

మూత్ర పరీక్ష, స్కానింగు అయ్యాయి. క్యాన్సరు కాదు, బావకున్నదే. "తగ్గడానికి టైం పడుతుంది. కింద ఊగకుండా పట్టి ఉంచే డ్రాయరు వేసుకోండి, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోండి, కుర్చీలోంచి తరచూ లేవండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం వెంటనే పరిగెత్తుకు రండి," అన్నాడు డాక్టరు. బామ్మర్దికి సంతోషంతో ఏడుపొచ్చేసింది.

"నీకెలా తెలిసింది బావా?" అన్నాడు బయటికొచ్చాక.

"రెండు నెలల్లో మూడు ప్యాంట్లు వదులు చేయించావు. పొట్ట అంగుళం పెరగలేదు, తొడల దగ్గర మాత్రం వదులు కావాలన్నావు. నేనూ సిగ్గుపడి, నా ప్యాంట్లు నేనే విప్పి కుట్టుకుంటూ ఏడాది పాడుచేసుకున్నవాణ్ణే కదా! నీకు బాలేదు రమ్మంటే వస్తావా? నాకు భయమంటే వచ్చావు."

బావ ఇంటికెళ్ళేసరికి అక్క ఎదురొచ్చింది. "వట్టి పిరికి మనిషిరా మీ బావ! ఓపిగ్గా తోడెళ్ళావు, నీకు పుణ్యముంటుంది."

బావ తనకేమీ పట్టనట్టు చెప్పులు విప్పుకుంటున్నాడు. బామ్మర్ది ఇక ఉండబట్టలేకపోయాడు.

"పిరికివాణ్ణి నేనక్కా. చూపించుకున్నదీ నేనే. బావ ఇన్నేళ్ళూ మాలాంటివాళ్ళను తీసుకెళ్తున్నాడు."

అక్క చప్పున మొగుడి వైపు తిరిగింది.

"ఓరి నీ దుంపతెగ!" అన్నాడు బావ. "ఏడేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పిరికివాడి పేరు ఒక్క మాటతో మట్టిలో కలిపావు కదరా!"