కారులో అమ్మమ్మ

బ్యాటరీ యాసిడ్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మేం దోహాలో, అల్ సద్ అనే పేటలో ఉండేవాళ్ళం. మధ్యాహ్నం నాన్న భోంచేసి, సాయంత్రం డ్యూటీ దాకా పడుకునేవాడు. మా ఇంట్లో టేప్ రికార్డర్ లేదు, కారులోనే ఉండేది. ఆయన నిద్రపోగానే అమ్మ నన్ను తీసుకుని కిందికెళ్ళి, అమ్మమ్మ మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్ మళ్ళీ మళ్ళీ వినేది. అమ్మమ్మ కారులోనే ఉంటుందనుకునేదాన్ని.

నాన్న లేచి వెళ్ళేసరికి కారు స్టార్టయ్యేది కాదు. కొత్త బ్యాటరీ వేయించాడు, వైర్లన్నీ చూపించాడు. లోపం దొరకలేదు.

చివరికి అమ్మే చెప్పింది, "మీరు పడుకున్నాక కారులో ఇంజిన్ వెయ్యకుండా టేపు వింటున్నానండీ."

నాన్న కోప్పడలేదు. కారులోంచి టేప్ రికార్డర్ పీకించేశాడు. ఇంట్లోకి ఒకటి కొనాలని మాత్రం తోచలేదు.

"చూశావా, ఇప్పుడు బ్యాటరీ దిగట్లేదు" అన్నాడు.

అమ్మ తలూపింది.

"అమ్మమ్మని ఎక్కడ దింపేశారు?" అనడిగాను.

నాన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వును నేనింకా క్షమించలేదు.